మురుగు కోసం అప్పా అన్నారు

పంచాయతీ అప్పు చేయబోతోందన్న కబురు మా పేటకు మొదట మోసుకొచ్చింది చేపలమ్మే అత్త. ఆమె మాకు చుట్టం కాదు, పేటలో అందరికీ అత్తే. సముద్రం వైపు నుంచి తొలి బస్సులో తట్టతో దిగి, ఊరి పెద్ద వీధులన్నీ తిరిగి, చివరికి పల్లంలో ఉన్న మా పేటకు వస్తుంది. అప్పటికి తట్టలో సన్న చేపలే మిగులుతాయి గానీ కబుర్లు మాత్రం నిండుగా ఉంటాయి. ఆ రోజు తట్ట దించకముందే మొదలుపెట్టింది.

“ఏమ్మా, మీ ఊళ్లో ఇంటింటికీ కుళాయిలంటగా! మురుగు గొట్టాలు కూడా భూమిలోనే ఏస్తారంట. కొంత గవర్నమెంటు ఇస్తదంట, మిగతాది పంచాయితీ అప్పు తేవాలంట. ఎల్లుండి మీటింగంట. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తాలంట.”

నా తోడికోడలు వంటింట్లోంచి తడిచేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చింది. “చెయ్యెత్తితే కుళాయి ఇస్తారా అత్తా? అయితే రెండు చేతులూ ఎత్తుతా.”

“రెండూ ఎత్తితే పోలీసులకి దొరికిపోయావనుకుంటారే పిల్లా. ఒకటి చాలు” అంది అత్త, సన్న చేపలు తూస్తూ.

ఆ నవ్వు నాకింకా చెవిలో ఉంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

మా ఊరు ఉయ్యూరుకు దిగువన, కాలవగట్టు మీద ఉంటుంది. పేరు రాయను. ఇలాంటి ఊళ్లు ఆ గట్టు పొడవునా ఉన్నాయి, చదివేవాళ్లు తమ ఊరే అనుకున్నా తప్పులేదు. నా భర్త విజయవాడ వన్ టౌన్లో ఒక హోల్‌సేలు గోడౌన్లో గుమస్తా. పొద్దున్నే బస్సెక్కి వెళ్తాడు. మా మరిది సీజన్లో ఫ్యాక్టరీకి చెరకు లారీ తోలుతాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మగవాళ్లిద్దరూ పగలంతా బయటే కాబట్టి ఆ ఇల్లు నిజానికి మా తోడికోడళ్లది.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న కాలవ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూసి పై లాకుకు కబురు పంపడం ఆయన ఉద్యోగం. ఒక లాకు నుంచి ఇంకో లాకుకు మారుతూ, ఊళ్లకు దూరంగా గట్టు మీది క్వార్టర్లలో బతికాం. అక్షరాలు అమ్మ నేర్పింది, లెక్కలు నాన్న నేర్పాడు, వాక్యం చదవడం ఇద్దరూ నేర్పారు. ఈ రాసే తెలుగు కూడా ఆ క్వార్టరు అరుగు మీద నేర్చుకున్నదే. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా నేను ఏ రోజూ పడుకోను.

తాగే నీళ్లు కాలవలోవే. బిందెలో పోసి, పటిక ముక్క పట్టుకుని అమ్మ చెయ్యి లోపల గుండ్రంగా తిప్పేది. కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడేవి. గ్లాసు చేతికిచ్చే ముందు “స్తోత్రం చెప్పు” అనేది. చెప్పందే గ్లాసు వదిలేది కాదు. ఇప్పటికీ నీళ్ల గ్లాసు ఎత్తితే నా పెదాలు వాటంతట అవే కదులుతాయి. తేటగా ఉంటే అవి మంచినీళ్లేనని మా డెల్టా వాళ్లందరి నమ్మకం. పటిక తిప్పితే మట్టి పోతుంది. మట్టి ఒక్కటే పోతుంది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన విధం తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నా తోడికోడలు డెల్టా పిల్ల కాదు. మైలవరం అవతల మెట్ట ఊరు వాళ్లది. కాపురానికి వచ్చిన కొత్తలో నాతో కాలవకు వచ్చి, నీళ్లు ముంచకుండా ఎగువ వైపు చూస్తూ నిలబడింది. గట్టు మీద ఇళ్లు ఉన్నంత మేరా ప్రతి ఇంటి వెనక నుంచీ ఒక గొట్టం కాలవలోకి దిగి ఉంటుంది. అవి మాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవి కంటికి ఆనవు. ఆమెకు ఆనాయి.

“అక్కా, పై ఊరోళ్లు వదిలింది మనం తాగుతన్నాం. మనం వదిలింది కింద ఊరోళ్లు తాగుతన్నారు. ఇదేం మర్యాదక్కా, బంతిలో కూర్చోబెట్టి వడ్డించినట్టు!”

“నోరు మూసుకుని నీళ్లు ముంచవే” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

“మా ఊళ్లో నీళ్లు తక్కువేగానీ, ఎవరి నీళ్లు వాళ్లు తాగుతారు” అంది బిందె ఎత్తుకుంటూ.

మీటింగు రోజున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ప్రెసిడెంటుగారు కుర్చీలో కూర్చుంది, ఆమె భర్త మైకు పట్టుకున్నాడు. మా ఊళ్లో పద్ధతి అది. విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ, చిన్న వయసు పిల్ల, గోడకు ఊరి మ్యాపు అంటించి ఓపిగ్గా చెప్పింది. మంచినీళ్ల గొట్టం రోడ్డుకు ఒక పక్కన, మురుగు గొట్టం రెండో పక్కన, లోతుగా. రెండూ ఒకే పనిలో చేస్తే మేలు. అప్పు నీటి పన్నుతో కొన్నేళ్లలో తీరుతుంది. ఊరు ఒప్పుకుంటేనే బ్యాంకు ఇస్తుంది. అర్థం కానిది ఏమీ లేదు. బడికి పోని నాకే అర్థమైంది.

అప్పుడు రైసుమిల్లు పెద్దాయన లేచాడు. ఆయన లేస్తే మైకు అదే ఆయన దగ్గరకు వెళ్తుంది.

“మంచినీళ్లకి అప్పంటే చేద్దామండీ, నేను కాదన్ను. నీళ్లు తాగేయి. మురుగు కోసం అప్పా? రేపు మనవలడిగితే ఏం జెప్పాలి? మీ తాతలు దొడ్డికెళ్లటానికి అప్పు జేశారురా అని జెప్పాలా?”

షామియానా అంతా నవ్వింది. ఇంజనీరమ్మ ముఖం ఎర్రబడింది. ఆయన ఇంట్లో ఎన్ని బాత్రూములున్నాయో నాకు తెలియదు. వాటి నీళ్లు ఎక్కడికి వస్తాయో మాత్రం తెలుసు. పెద్ద వీధి సైడు కాలవలోంచి దిగి, చిన్న వీధుల మురుగంతా కలుపుకుని, మా గుమ్మం ముందుకు వస్తాయి. ఊరు పన్నెత్తి మాట్లాడకపోయినా ఊరి మురుగు రోజూ మమ్మల్ని పలకరించి పోతుంది.

నవ్వు ఇంకా ఆగకుండానే నా పక్క నుంచి నా తోడికోడలు లేచింది. చేతులు జోడించింది. “అందరికీ వందనాలండీ” అంది.

ఆ మాట ఎక్కడిదో చెప్పాలి. మా ప్రార్థనాలయంలో ఆదివారం ఆరాధన మధ్యలో ఆడవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. దానికొక వరస ఉంది. ముందు అందరికీ వందనాలు. తర్వాత దేవుడికి కృతజ్ఞత. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పడం. చివర, ప్రార్థనలో నన్ను జ్ఞాపకం చేసుకోండి అని అడిగి కూర్చోవడం. సంతకం రానివాళ్లు కూడా ఆ వరసలో గుక్కతిప్పుకోకుండా చెప్పగలరు. నలుగురి ముందు నోరు విప్పడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

“ఇది మీ చర్చి కాదమ్మా, పంచాయితీ” అన్నాడు మిల్లాయన. “పాట గూడా పాడతావా ఏంటి?”

“పాడమంటే పాడతానండీ. ముందు మాట వినండి. కుళాయి వస్తే నీళ్లు ఇప్పటికన్నా ఎక్కువ వాడతాం. వాడిన నీళ్లన్నీ ఎటు పోతాయండీ? మా పేటకే గదా. సైడు కాలవలు ఇప్పుడే పొంగుతున్నాయి. ఆ మురుగులోంచే మంచినీళ్ల గొట్టం లాగితే, అది ఎక్కడన్నా చిట్లితే మేం ఏం తాగాలి? చేస్తే రెండూ కలిపి చెయ్యండి. లేపోతే ముందు మురుగన్నా చెయ్యండి. మీకు దణ్ణం పెడతా.”

“ఎండలో కళ్లు తిరుగుద్ది, కూర్చో తల్లీ” అన్నాడు ఆయన, ఎంతో దయగా. ఆ దయ మీదే నాకు ఇప్పటికీ ఎక్కువ కోపం.

మురుగు పని తీసేసి, నీళ్లకు మాత్రమే అప్పు తేవాలని తీర్మానం మార్చారు. రెండూ కావాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. ఆమె ఎత్తింది. పక్కన నేనూ ఎత్తాను. మా పేట ఆడవాళ్లు తమ మగవాళ్ల వైపు చూశారు. మగవాళ్లు మిల్లు వైపు చూశారు. వాళ్ల కూలి అక్కడే ఉంది. చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. తర్వాత నీళ్లకు మాత్రమే అన్నప్పుడు షామియానా కింద ఎన్ని చేతులు లేచాయో! ఇంటికి వచ్చే దారిలో ఆమె, “అత్త చెప్పింది నిజమేనక్కా, రెండూ ఎత్తాల్సింది. కనీసం నాలుగు చేతులయ్యేవి” అంది.

కుళాయి వచ్చింది. అబద్ధమాడను, వచ్చినప్పుడు నేను సంతోషపడ్డాను. కాలవకు వెళ్లే పని తప్పింది. దేవుడికి స్తోత్రం చెప్పాను, పంచాయతీకి చెప్పాను, గొట్టం బిగించిన మేస్త్రీకి మజ్జిగ ఇచ్చి చెప్పాను. కానీ ఆ గొట్టం మా ఇంటికి ఎలా వచ్చిందో చూశాను. రోడ్డు మీద నుంచి దిగి, నల్లగా నిలిచిన సైడు కాలవలోంచి ఈది, ఇవతల గట్టు ఎక్కింది. మురుగు గొట్టం లేని ఊళ్లో అది ఇంకెలా వస్తుంది? పైగా పల్లంలో ఉన్నాం గానీ పైపు చివర్న ఉన్నాం, మా దాకా నీళ్లకు జోరు లేదు. పేటంతా ఒకటే ఉపాయం చేసింది. సైడు కాలవ పక్కన నడుం లోతున గుంట తవ్వి, కుళాయిని ఆ గుంటలో బిగించుకుంది. గుంటలోకి దిగి కూర్చుంటే సన్నగా ధార పడుతుంది. పెద్ద వీధుల్లో గుంటలు తవ్వలేదు. కుళాయికి మోటారు పెట్టి లాగారు. మోటారు లాగేటప్పుడు గొట్టంలో నీళ్లు తగ్గిపోతే చుట్టూ ఉన్నది అతుకుల్లోంచి లోపలికి పోతుందని ఇంజనీరమ్మ తర్వాత చెప్పింది. చుట్టూ ఏముందో వేరే చెప్పక్కర్లేదు.

కొత్త కుళాయికి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మా వాళ్లకు ఇల్లు కట్టినా, బర్రె ఈనినా, కుళాయి వచ్చినా కూడిక ఉండాల్సిందే. మా పాస్టరు అయ్యగారు వచ్చి గుంట పక్కన నిలబడి ప్రార్థన చేశారు. పేటంతా పులిహోర తింది. నా తోడికోడలికి అప్పుడు మూడో నెల. పెళ్లయిన చాలా రోజులకు నిలిచిన కడుపు. మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చారు. ఆమె గ్లాసు వెలుగుకు ఎత్తి చూసి, “తేటగానే ఉన్నాయి, పై వీధోళ్లు ఇవాళ స్నానాలు చెయ్యలేదల్లే ఉంది” అంది. అయ్యగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. అందరం స్తోత్రం చెప్పి తాగాం.

వానలు మొదలయ్యాక సైడు కాలవ పొంగి గుంటలోకి దిగేది. కుళాయి ఆ మురుగులో మునిగి ఉండేది. నీళ్లొచ్చే వేళకు గుంట చెంబుతో తోడి, కుళాయి మూతి గుడ్డతో తుడిచి, బిందె పెట్టేవాళ్లం. మొదటి బిందె వాసనొస్తే పారబోసేవాళ్లం. రెండోది తేటగా ఉండేది. పటిక కూడా తిప్పేవాళ్లం. మా డెల్టా వాళ్లకు అంతకు మించి జాగ్రత్త తెలియదు.

పేటలో ఒక్కొక్కరికీ కళ్లు పచ్చబడ్డాయి. పథ్యం చేసి నెమ్మదిగా తేరుకున్నారు. ఆమెకు వాంతులైనప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అనుకున్నాం. కళ్లల్లో పసుపు కనబడ్డాక పుట్టింటివాళ్లు వచ్చి మైలవరం వైపు పసరు పోసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లారు. కామెర్లంటే పసరేనని అక్కడా ఇక్కడా అందరూ నమ్ముతారు. మాట తడబడి, నిద్రలో ఉన్నదానిలా అయ్యాక విజయవాడ ఆస్పత్రికి తెచ్చారు. నా భర్త గోడౌన్ నుంచి నేరుగా వచ్చాడు. మరిది లారీ దారిలో ఆపేసి వచ్చాడు.

డాక్టరమ్మ పరీక్షలు చూసి నన్ను పక్కకు పిలిచింది. “మీరు ఏ నీళ్లు తాగుతారమ్మా?”

“కుళాయి నీళ్లేనండీ” అన్నాను. గర్వంగానే అన్నాను. కాలవ నీళ్లు కాదని చెప్పడం నా ఉద్దేశం.

“ఇది మురుగు కలిసిన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు. మిగతావాళ్లకు తగ్గిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం వదలదు” అంది ఆమె. కటువుగా చెప్పలేదు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. ఆమెకు నా దండాలు. తెలియక బతకడం కంటే తెలిసి ఏడవడం నయం.

ఆ రోజు మధ్యాహ్నం కొంచెం తెలివి వచ్చింది. నీళ్లడిగింది. మూత తీయని సీసా కొనుక్కొచ్చి, గుడ్డ తడిపి పెదాలకు అద్దాను. సీసా వైపు చూసింది. “ఇయ్యి మిల్లాయనింట్లో తాగే నీళ్లు గదక్కా” అంది. గొంతు పీలగా ఉంది గానీ వెటకారం మాత్రం తనదే. “మనకీ పట్టించారన్నమాట.” కడుపు మీద చెయ్యి వేసుకుని, “వీడు కదలట్లేదక్కా” అంది.

బిడ్డ కడుపులోనే పోయాడు. ఆమె ఆ మర్నాడు పోయింది.

ఇంటి ముందు షామియానా వేశారు. అది పంచాయతీ మీటింగుకు వేసిన షామియానాయే, ఎర్ర అంచు నాకు గుర్తుంది. వచ్చినవాళ్లు తాగడానికి మిల్లు నుంచి వాటర్ క్యాన్లు పంపించారు. ఎవరో నా దగ్గరకు వచ్చి, “చూశావా, ఎంత పెద్దమనసో. మీరు అడక్కుండానే పంపించారు. ఓ మాట చెప్పమ్మా” అన్నారు. కృతజ్ఞత చెప్పడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆ రోజు నోరు రాలేదు. ఆ క్యాన్లను పంట బోదెలో పారబొయ్యాలనిపించింది. గొంతులు ఎండినవాళ్లు తాగుతున్నారు కాబట్టి ఊరుకున్నాను.

మిల్లాయన స్వయంగా వచ్చాడు. “మంచి పిల్ల. చలాకీ పిల్ల. ఏం చేస్తాం, రాత” అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బాధ పడ్డాడనే అనుకుంటున్నాను. అందులో నటన లేదు. అందుకే ఇంకా కోపం. ఆయన రాత అన్నదాన్ని మా ఊరు షామియానా కింద కూర్చుని, నవ్వుతూ, చేతులెత్తి రాసింది.

అయ్యగారు ప్రార్థనలో “నీ చిత్తం” అన్నారు. అందరూ వెళ్లాక ఆయన దగ్గరకు వెళ్లాను. పుట్టి బుద్ధెరిగి నేను ఏ అయ్యగారికీ ఎదురు మాట్లాడలేదు.

“అయ్యగారూ, మంచినీళ్ల గొట్టం మురుక్కాలవలోంచి లాగమని దేవుడు చెప్పాడాండీ?”

ఆయన తల అడ్డంగా ఊపారు. “లేదమ్మా” అన్నారు. ఇంకేమీ కలపలేదు. ఆ ఒక్క మాట ఒప్పుకున్నందుకు ఆయనకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలినే.

అప్పు గురించి మా ఇంట్లో నేర్పింది వేరు. ఎవరికీ బాకీ పడకుండా బతకమని నాన్న చెప్పేవాడు, అలాగే బతికాడు. కాబట్టి అప్పంటే భయపడేవాళ్లను నేను వెక్కిరించను. కానీ మా ఊళ్లో భయపడేది ఎవరు? మిల్లు బ్యాంకు అప్పు మీద తిరుగుతుంది. చేలన్నీ పంట రుణం మీద పచ్చగా ఉంటాయి. బంగారం కుదువ పెట్టి పెళ్లిళ్లు చేస్తారు, వాయిదాల మీద బళ్లు కొంటారు. కుళాయి నీళ్లు లాగే మోటారు కూడా వాయిదాల మీద తెచ్చినవాళ్లున్నారు. వీటిలో దేనికీ మనవలకు ఏం చెప్పాలన్న బెంగ రాలేదు. మురుగు దగ్గరకు వచ్చేసరికి అందరికీ నీతి గుర్తొచ్చింది. అప్పు చెయ్యకపోతే ఖర్చు ఉండదనుకున్నారు. ఖర్చు పల్లానికి దిగి వచ్చింది. ఊరి మురుగు దిగే దారినే దిగి వచ్చింది.

మురుగు పనికి మళ్లీ సభ పెట్టారు. ఎవరో జాలిపడి పెట్టింది కాదు. ఇంజనీరమ్మ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అప్పు ఇస్తామన్న గడువు ఇంకా మిగిలి ఉందని, ఊరు ఒప్పుకుంటే ఇప్పటికైనా చేయవచ్చని వచ్చి చెప్పింది. ఒప్పుకోకపోతే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది. మళ్లీ వానలు వస్తాయి, మళ్లీ గుంటలు నిండుతాయి. మా పేటలో అప్పటికి మరో ఇద్దరు కోడళ్లు కడుపుతో ఉన్నారు. వాళ్లను చూస్తుంటే నాకు అన్నం దిగేది కాదు.

మిల్లాయన లేచాడు. “కుళాయి అప్పే ఇంకా నెత్తి మీదుంది. దాని మీద ఇంకోటా? ఇంటికో సెప్టిక్ ట్యాంకు కట్టించుకుంటే సరిపోయేదానికి...”

ఆయన మాట పూర్తి కానివ్వలేదు. లేచాను. చేతులు జోడించాను.

“అందరికీ వందనాలండీ.”

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పాత నవ్వే. నేను ఆగలేదు. వరస ప్రకారమే చెప్పాను.

“ఊపిరిచ్చిన దేవుడికి స్తోత్రం. కుళాయి ఇచ్చిన ఊరికి కూడా. ఆ కుళాయి మొదటి గ్లాసు మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల తాగింది. అదే పిల్ల ఇక్కడే, ఈ షామియానా కిందే నిలబడి, మురుగులోంచి గొట్టం లాగితే ఏం తాగాలండీ అని అడిగింది. కళ్లు తిరుగుద్ది కూర్చో తల్లీ అన్నారు. కూర్చుంది. ఇప్పుడు పడుకుంది. పక్కన బిడ్డను కూడా పెట్టాం. అయ్యా, మనవలకు ఏం చెప్పాలని మీరడిగారు. మా ఇంట్లో చెప్పడానికి మనవడు లేడండీ. మీ ఇంట్లోవాళ్లకు ఇది చెప్పండి.”

నవ్వు ఆగింది. నేను కూర్చోలేదు. నా పక్కన మా ఎదురింటామె లేచింది. “అందరికీ వందనాలండీ. మా ఆయనకి కామెర్లొచ్చి నెల్లాళ్లు పనికి పోలేదండీ.” ఆమె వెనక ఇంకొకామె. “వందనాలండీ. మా ఇంట్లో ఇద్దరికీ వచ్చినయ్యండీ.” ఇంకొకామె. వాళ్లను నేను కూడగట్టలేదు. ఆదివారం ఒకరు సాక్ష్యం చెబితే ఇంకొకరికి ధైర్యం వచ్చి లేస్తారు చూడండి, అలా లేచారు. ఈసారి ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. పాట పాడతారా అని ఎవరూ అడగలేదు.

మా పేటవాళ్లు అయిపోయాక పెద్ద వీధి నుంచి వచ్చిన ఒక ముసలావిడ కుర్చీలోంచే గొంతెత్తింది. వందనాలు అనలేదు, ఆమెది మా ప్రార్థనాలయం కాదు. “మా కోడలికీ వచ్చినయ్యమ్మా. బెజవాడలో చూపించి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాం. మోటారు పెట్టిందెవరు, లాగిందెవరు? మేమే గదా” అంది. ఆమె కొడుకు “అమ్మా, ఊరుకో” అన్నాడు. “నువ్వూరుకోరా” అంది ఆమె. ఆ ముసలావిడ చల్లగా ఉండాలి.

చేతులెత్తమన్నారు. ప్రెసిడెంటుగారు భర్త వైపు చూడకుండానే ఎత్తింది. మా పేటంతా ఎత్తింది. పెద్ద వీధి వైపు నుంచి ఒకటి, ఇంకొకటి, తర్వాత చాలా. లెక్క తేలిపోయాక మిల్లాయన కూడా ఎత్తాడు. శంకుస్థాపన రోజున దండ వేయించుకుని, “మనమందరం కలిసి సాధించుకున్నాం” అని మాట్లాడింది కూడా ఆయనే. రాతి పలక మీద చాలా పేర్లు చెక్కారు. నేను చదివాను, నాకు చదవడం వచ్చు. ఉండాల్సిన పేరు లేదు.

పని ఎక్కడ మొదలైందో తెలుసా? మా ఊళ్లో రోడ్డయినా, లైటయినా, పెద్ద వీధిలో మొదలై, మా పేటకు వచ్చేసరికి అయిపోతుంది. ఇంజనీరమ్మ మాత్రం ప్రొక్లెయినరు తెచ్చి మా గుమ్మం ముందే ఆపింది. “మురుగు లైను పల్లం నుంచే మొదలెట్టాలి ఆంటీ. కింద దారి లేకుండా పైన వేస్తే లాభం లేదు” అంది. ఆ మాట విని నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. నా తోడికోడలు ఉంటే దీని మీద ఎన్ని జోకులు వేసేదో! బంతిలో మొదటి విస్తరి ఈసారి మనకేనక్కా అనేదేమో.

ఇప్పుడు గుంట పూడ్చేశారు. కుళాయి నేలకు పైన, మనిషి నిలబడి పట్టుకునే ఎత్తులో ఉంది. చేపల అత్త వస్తే దాని కింద కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని వెళ్తుంది. దుమ్ము పడుతోందనీ, నీటి పన్ను పెరిగిందనీ గొణిగేవాళ్లు గొణుగుతూనే ఉన్నారు. వాళ్లతో నేను వాదించను. పన్ను మొదటి రోజే కట్టేస్తాను, స్తోత్రం చెప్పి మరీ కడతాను. కోపం మాత్రం తగ్గలేదు. దాన్ని తీసెయ్యమని ప్రార్థన చేయబోతాను, మధ్యలో ఆపేస్తాను. అది పోతే ఆమె కూడా పోతుందేమోనని భయం.

అయ్యలారా, అమ్మలారా, ఇది నా సాక్ష్యం. మీ ఊళ్లోనూ ఏదో ఒక రోజు షామియానా వేస్తారు. నీళ్లకూ మురుక్కూ అప్పు తెచ్చుకుందామా అని అడుగుతారు. సగం చాలని ఎవరో పెద్దాయన నవ్విస్తాడు. ఆ నవ్వు మధ్యలో, ఎవరూ లేవకముందే లేచి చెయ్యెత్తిన మైలవరం వైపు పిల్ల ఒకతి ఉండేదని తలుచుకోండి. నన్ను కాదు, ఆమెను జ్ఞాపకం చేసుకోండి.